ప్రైమరీని ముందు లేపిన రోజు

అన్న పోయిన తొమ్మిదో రోజు. జహీరాబాద్‌లో అన్న గదిలో ఉన్నాను. సెలవు పెట్టాను, అయినా హైదరాబాద్ నుంచి నా జూనియర్ ఫోన్ చేశాడు. అతనిది ఇక్కడికి దగ్గర్లోని న్యాల్‌కల్.

"అన్నా, ప్రైమరీ పడిపోయింది. నువ్వు కట్టిన గుడిసె, జర నువ్వే లేపు."

ఒక అంబులెన్స్ సర్వీసుకు వచ్చే ఫోన్లు మా సర్వర్ మీదుగా పోతాయి. తోడుగా ఉండాల్సిన రెండో సర్వర్ ఆ వారం మరమ్మతులో ఉంది. అందులో ప్రైమరీ అనే ప్రోగ్రామ్ మెమరీ సిద్ధం చేసి, నెట్‌వర్క్ కార్డు నుంచి ఆ ఫోన్ల మాటలు మోసే ప్యాకెట్లు తీసి క్యూల్లో పెడుతుంది. సెకండరీలనే మరో మూడు ప్రోగ్రాములు అదే మెమరీలోంచి వాటిని అందుకుని, కాపీ చేసుకోకుండా ముందుకు పంపుతాయి. అందుకే అంత వేగం. ప్రైమరీ పడిపోతే ముందు సెకండరీలను ఆపాలి, ఆ తర్వాతే దాన్ని లేపాలి. ఆ నియమం రాసింది నేనే.

వాకిట్లోకి చుట్టాలొచ్చారు. వదిన పిలిచింది. సెకండరీల సంగతి చూడకుండా, లాప్‌టాప్‌లోంచి ప్రైమరీని నేరుగా లేపాను. నాలుగూ నడుస్తున్నట్టు స్క్రీన్ చూపింది. ఎర్రర్ ఒక్కటీ లేదు.

చావు ఇంటికి వచ్చినవాళ్లు పోయొస్తామని చెప్పరు. వాళ్లంతట వాళ్లు లేచేదాకా కూర్చున్నాను. తిరిగొచ్చి బయటికి పోతున్న ప్యాకెట్ల అంకె చూశాను. సున్నా.

కొత్త ప్రైమరీ కొత్త క్యూలు కట్టుకుంది. సెకండరీలు ఇంకా పాత క్యూలనే చూస్తున్నాయి. వాటిలో ఇక ఎవరూ ఏమీ పెట్టరు. దీన్ని ఈ ఇంట్లో దేనితోనూ పోల్చను.

"సెకండరీలు ఆపినవా?" అని ఫోన్లో అడిగాను.

"నువ్వు ఆపినవనుకున్న అన్నా."

అన్నిటినీ ఆపి వరుసగా లేపాను. కమాండ్ రెండుసార్లు తప్పు కొట్టాను. చివరికి అంకె కదిలింది.

వదిన తలుపు దగ్గర నిలబడి ఉంది. "ఏమైంది, మొఖం గట్లున్నది?"

చెప్పాను.

"గా టైంల ఎవలన్న ఫోన్ చేసిన్రా?"

"చేసే ఉంటరు వదినా. ఎవలో నాకు తెలవదు."

"మళ్ల చేసి ఉంటరా?"

జూనియర్ ఇంకా లైన్‌లోనే ఉన్నాడు. "ప్రైమరీ పడ్డదని ఒక్కటే రాద్దాం అన్నా రిపోర్టుల. ఇంట్ల గింత కష్టంల ఉన్నవు, నిన్నెవరేమంటరు?"

"సెకండరీలు ఆపకుండ నేనే లేపిన అని రాయి," అన్నాను.

ఫోన్ పెట్టేసి, ఎవరైనా మళ్లీ చేశారేమో అడగడానికి అంబులెన్స్ సర్వీసు ఆఫీసు నంబరు కలిపాను. మోగుతోంది. వాళ్లేం చెప్తారో వినకముందే పెట్టేయాలనిపించింది. అటువైపు ఎవరో ఎత్తారు.