బ్రేకు మాస్టారి చెవి

బ్రేకు మాస్టారికి ఒకటే జబ్బు: నడుస్తున్న యంత్రాన్ని ఆపడం. ఆ ప్రయోగశాలలో అందరూ యంత్రం నడపడానికి జీతం తీసుకునేవాళ్ళే. ఆయన మాత్రం ఆపడానికి తీసుకుంటారని ప్రతీతి.

యంత్రం చేసే పని చెప్పడం తేలిక. కరెంటుతో గొట్టంలో చిన్న మెరుపు పుట్టించి అందులోకి మీథేన్ వదిలితే, హైడ్రోజన్ ఒకవైపు, మసి ఒకవైపు విడిపోతాయి. ఇది ఆగకుండా గంట నడిస్తే ప్రపంచం బాగుపడుతుందని డైరెక్టరు ఏడు సభల్లో చెప్పాడు. గంట నడవనిచ్చేదెవరు? మాస్టారు మధ్యలోనే ఎర్ర బటన్ నొక్కేవారు.

"ఏమైంది మాస్టారూ?"

"శబ్దంలో దిగులు వినపడింది."

ఇంకోసారి, "దగ్గింది." మరోసారి, "నన్నేదో అడిగినట్టనిపించింది."

ఇంట్లోనూ అంతేనట. "మిక్సీ వేస్తే చాలు, పరిగెత్తుకొచ్చి ఆపేస్తారు," అనేది ఆయన భార్య. "మా ఇంట్లో ఏదీ మెత్తగా నలగదమ్మా, నేను తప్ప."

కొత్తగా చేరిన ఇంజనీరమ్మాయికి ఆ చెవి పేరెత్తితే ఒళ్ళు మండేది. ఆమెది ఆర్నెల్ల తాత్కాలిక ఉద్యోగం. యంత్రం చూడ్డానికి వస్తున్న అతిథుల ముందు అది సవ్యంగా నడిస్తేనే ఖాయం చేస్తానన్నాడు డైరెక్టరు.

"రేపొక్కరోజు మీ చెవులకు సెలవివ్వండి మాస్టారూ," అని బతిమాలింది.

"చెవులకు రెప్పలుండవు అమ్మాయ్," అన్నారాయన.

మర్నాడు అతిథులొచ్చారు. డైరెక్టరు భవిష్యత్తు గురించి ఇరవై నిమిషాలు మాట్లాడి యంత్రం నడపమన్నాడు. అమ్మాయి నడిపింది. నీలి వెలుగు లేచింది. మాస్టారు గొట్టాల మీద చెయ్యి ఆనిస్తూ నడిచి, ఒకచోట ఆగి, తిన్నగా వచ్చి ఎర్ర బటన్ నొక్కేశారు.

డైరెక్టరు ముఖంలో నెత్తురు చుక్క లేదు. "ఏంటిది?" అన్నాడు పళ్ళు బిగించి.

"శబ్దం నచ్చలేదండీ."

"మీ చెవికి నచ్చాలా?"

"నాకున్నవి ఇవేనండీ."

ఈలోగా ముఖ్య అతిథి, యంత్రం ఆగిందని తెలియక, చప్పట్లు కొట్టాడు. పొగ లేదు, వాసన లేదు, ఆఖరికి చప్పుడు కూడా లేదు; ఇంత శుభ్రమైన సాంకేతికతను తానెక్కడా చూడలేదన్నాడు. డైరెక్టరుకు అబద్ధమాడే శ్రమ కూడా తప్పింది. నమస్కారం పెట్టి, ఆ ఊపులోనే అమ్మాయి ఉద్యోగం ఖాయమని ప్రకటించాడు.

ఆమె మాత్రం మాస్టార్ని కడిగేద్దామని యంత్రం వెనక్కి వెళ్ళింది. అక్కడ యంత్రాన్ని చల్లబరిచే నీళ్ళ వాల్వు కొద్దిగానే తెరిచి కనపడింది. పొద్దున మెరుపు పుట్టించే ఎలక్ట్రోడ్ మార్చాక ఒక చుట్టు తిప్పి, ఫోన్ మోగితే పూర్తిగా తెరవడం మరిచింది తనే. ఇంకో నిమిషం నడిచుంటే ఎలక్ట్రోడ్ కరిగి అతిథుల ముందే కారేది, దాంతోపాటు తన ఉద్యోగమూ. నీళ్ళు తగ్గితే దానంతటదే ఆపేసే పరికరమా? రెండేళ్ళుగా కొనుగోలు ఫైల్లో క్షేమంగా ఉంది.

వెళ్ళి రిజిస్టరు తెరిచింది. 'ఆపడానికి కారణం' అనే గడి నిండా ఒకటే చేతిరాత: 'నా చెవి'. గొట్టాలు బిగించే ఫిట్టరు కూతురు ఆసుపత్రిలో ఉన్న వారంలో అదే మాట మూడుసార్లు ఉంది. ఆ వారం గ్యాసు దగ్గర డ్యూటీ ఫిట్టరుదే.

ఇవాళ్టి గడిలో తన పేరు రాయబోతే మాస్టారు కలం లాక్కున్నారు.

"ఆ గడి నాదమ్మాయ్. పదేళ్ళుగా సాగు చేసుకుంటున్నా. కబ్జా చేయకు."

"డైరెక్టరుగారు మిమ్మల్ని తిడతారు కదండీ."

"తిట్టనీ. ఆయన్ని ఆపే బటన్ ఎక్కడుందో నాకింకా దొరకలేదు."