ఆదివారం దాకా ఆగని నాలుగు చక్రాలు

మా బాబాయి గత మంగళవారం ఉదయం ఆరున్నరకు చనిపోయారు. గుంటూరు ఆసుపత్రిలో తొమ్మిది రోజులున్నారు. ఊపిరితిత్తులు పనిచేయడం మానేశాయని కాగితంలో రాశారు. వయసు అరవై తొమ్మిది. పిన్ని ఫోన్ చేసి "మీ బాబాయి లేడురా" అని పెట్టేసింది. నేనప్పుడు పళ్ళు తోముకుంటున్నాను. తోముకోవడం పూర్తిచేసి, చొక్కా వేసుకుని బయల్దేరాను.

విలేకరిగా ఎవరెవరి మరణాలనో వార్తలుగా రాశాను. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు, ఎలా. ఈయన గురించి రాయబోతే కూడా ముందు వచ్చినవి అవే. మిగతాది ఇంకా నాకు అందలేదు. తెలిసినంత చెబుతాను.

ఆయన బస్సుల డిపోలో పెయింటరు. రిటైరయ్యాక నల్లపాడులో ఇంటి వెనక రేకుల షెడ్డు వేసుకుని పాత కార్ల అల్లాయ్ చక్రాలకు రంగులు వేసేవారు. కారుతో పాటు వచ్చిన చక్రాలకే. కుర్రాళ్ళు వచ్చి పెద్ద సైజువి కొంటామంటే తిట్టేవారు. "కంపెనీవాడు బండి బరువు చూసి చక్రం ఇచ్చాడు. దాని జోలికి పోమాక. రంగు మార్చు, బండి మారిపోద్ది" అనేవారు.

పని నిదానం. బ్రేకుల మసి పోయేదాకా పాత టూత్‌బ్రష్‌తో చక్రాన్ని రుద్దేవారు. గీసుకుపోయిన చోట పుట్టీ పెట్టి, వాటర్ పేపర్ అనే గరుకు కాగితం తడిపి తడిపి నునుపు చేసేవారు. టైరుకు రంగు అంటకుండా టైరుకూ చక్రపు అంచుకూ మధ్య పాత పెళ్ళి శుభలేఖలు చుట్టూ గుచ్చేవారు. ఆ అట్ట మందం సరిగ్గా సరిపోతుందట. చుట్టాల ఇళ్ళకు వెళ్ళినప్పుడల్లా శుభలేఖలు అడిగి సంచిలో తెచ్చుకునేవారు. "మనవాళ్ళ పెళ్ళిళ్ళన్నీ ఈయన టైర్లలోనే ఉన్నాయి" అనేది పిన్ని.

నా పేరుతో వచ్చిన వార్తలన్నీ చదివేవారు. మొదట్లో నేను రాసినవి చూసి "రెండు కోటింగులు చాల్రా, మూడోది వేస్తే జారిపోద్ది" అన్నారు. ఏ సంపాదకుడి దగ్గరా నేను అంతకంటే పనికొచ్చే మాట వినలేదు.

షెడ్డుకు రెండొందల గజాల దూరంలో పత్తి జిన్నింగ్ మిల్లు ఉంది. అది నడుస్తున్నంతసేపూ గాల్లో దూది పోగులు తిరుగుతుంటాయి. మెరుపు కోసం వేసే ఆఖరి కోటు ఆరేలోపు ఒక్క పోగు వాలినా అంటుకుపోతుంది. అందుకని పత్తి సీజన్లో ఆయన స్ప్రే చేసేది ఆదివారమే. ఆ రోజు మిల్లుకు సెలవు. ఎవరు తొందరపెట్టినా "మిల్లు పడుకోనీ" అనేవారు.

రెండేళ్ళ క్రితం ఛాతీ డాక్టరు స్ప్రే పని మానేయమన్నాడు. ఈయన తగ్గించారు, మానలేదు. పిన్ని నన్ను పక్కకు పిలిచి, "నీ మాటయితే వింటాడురా. ఆ స్ప్రే గన్ను పట్టుకోవద్దని చెప్పు" అంది. చెప్పాను. ఒకసారి చెప్పాను. జనవరి చివర నా కారే తీసుకెళ్ళాను.

దానికి పద్నాలుగేళ్ళు. చక్రాల మీద వెండిరంగు పొరలుగా లేచిపోయింది. బాబాయి చుట్టూ తిరిగి చూశారు.

"ఏరా, దీన్ని రోడ్డు మీద తోలావా, పొలంలో దున్నావా?"

"నల్లరంగు వెయ్యి బాబాయ్."

"నలుపొద్దు. మన రేగడి దుమ్ము ఎండితే బూడిదరంగు, నలుపు మీద రెండోరోజే కనపడద్ది. ముదురు బూడిద వేస్తాను. నెల్లాళ్ళు కడక్కపోయినా నీ బద్ధకం ఎవరికీ తెలవదు."

గురువారం చీరాలలో పెళ్ళి ఉందని, బుధవారం సాయంత్రానికి కావాలని అన్నాను.

"ఆదివారం దాకా ఆగవా?"

"ఈ చక్రాలతో పెళ్ళికెట్టా వెళ్ళను?"

"పెళ్ళికొడుకువి నువ్వా, చక్రాలా?" అని నవ్వారు. అయినా సరేనన్నారు. ఇంకెవరికీ ఆయన అలా ఒప్పుకోలేదు.

మంగళవారం మధ్యాహ్నానికి రంగు ఆరింది. అంతలో మిల్లులో ఏదో బెల్టు తెగి మోత ఆగింది. ఇదే అదను అనుకుని నాలుగు చక్రాలకూ మెరుపు కోటు వేసేశారు. ఇరవై నిమిషాల్లో బెల్టు వేసుకుని మిల్లు మళ్ళీ మొదలైంది. మేం చూస్తుండగానే పోగులు వచ్చి వాలాయి. "నీ చక్రాలకు మీసాలొచ్చాయిరా" అన్నారు. ఫర్వాలేదు, ఉండనీ అన్నాను. "నా చేతిపని ఇట్టా బయటికి పోదు" అన్నారు.

బుధవారం నాలుగూ మళ్ళీ రుద్ది, దూది లోపలికి రాకుండా షెడ్డు తలుపు మూసి, కిటికీకి గోనెపట్టా కట్టి మొదటినుంచీ వేశారు. నేను బయట మంచం మీద కూర్చున్నాను. స్ప్రే గన్ను కంప్రెసరు ఆగినప్పుడల్లా దగ్గు వినిపించింది.

చీరాలలో ఇద్దరు ముగ్గురు కొత్త చక్రాలు ఎప్పుడు కొన్నావని అడిగారు. ఫోన్ చేసి చెబితే, "కొత్తవేనని చెప్పు, నాదేం పోయింది" అన్నారు. మూడు వారాలకు ఆసుపత్రిలో చేరారు. ఆ చక్రాల వల్లనా అని డాక్టరును అడిగాను. జబ్బు పాతది అన్నాడు. చక్రాల వల్ల కాదని మాత్రం అనలేదు.

మూడోరోజు కార్యక్రమం అయ్యాక చుట్టాలు వెళ్ళిపోయారు. పిన్ని ఇంటి ముందు మెట్టు మీద కూర్చుంది. ఎదురుగా నా కారు.

"ఆ రోజు మాస్కు పెట్టుకున్నాడా?" అంది. "పెట్టుకునే వేశానని నా తలమీద చెయ్యి పెట్టి చెప్పాడు."

అవునంటే సరిపోయేది.

"మూడు చక్రాలకు పెట్టుకున్నాడు పిన్నీ. చక్రం తిప్పిపెట్టమని నన్ను లోపలికి పిలిచాడు. నాలుగోదానికి మాస్కు లేదు. కళ్ళద్దాలకు ఆవిరి పడుతోంది, రంగు కనపడట్లేదన్నాడు."

"నువ్వేమన్నావు?"

"ఏమీ అనలేదు."

పిన్ని లేచి కారు దగ్గరికి నడిచింది.

"నాలుగోది ఏదిరా?"

"వెనక, ఎడమవైపుది."

అక్కడ కూర్చుని, చక్రం అంచు మీద చూపుడువేలు పెట్టి నెమ్మదిగా చుట్టూ తిప్పింది. వేలు ఎక్కడా ఆగలేదు.