ముప్పయ్యో పేజీలో రెండు చుక్కలు

నాకు చదువు రాదు. అక్షరాలు కూడబలుక్కోగలను, అదీ మా ఆయన బోర్డు మీద రాసేవి చూసి చూసి పట్టుబడినదే. అందుకే నేను చెబుతుంటే అప్ప రాస్తోంది. అప్ప నా తోడబుట్టినది కాదు. మా వెనక క్వార్టర్లో ఉంటుంది, నాకన్నా పదేళ్లు పెద్ద. "ఏడుస్తా సెప్పకే, నాకు తెలవట్లేదు" అంటోంది. ఏడవడం లేదు. నా గొంతే అంత.

ఈ హిందీ ఊళ్లో, రైల్వేవాళ్ల డబ్ల్యూఆర్ఎస్ కాలనీలో మన తెలుగువాళ్లకి ఒక లైబ్రరీ ఉండేది. ఎవరూ ఉండని పాత క్వార్టర్లో రెండు గదులు, ఆరు ఇనప బీరువాలు. మా ఆయన వ్యాగన్ వర్క్‌షాపులో ఫిట్టరు. డ్యూటీ దిగి, గోళ్లలో గ్రీజు పోయేదాకా సబ్బుతో తోముకుని, సాయంత్రం ఆరింటికి వెళ్లి లైబ్రరీ తలుపులు తీసేవాడు. జీతం లేని పని.

గుమ్మం పక్కన నల్లబోర్డు ఉండేది. శనివారం శనివారం దాని మీద రాసేవాడు. కొత్తగా ఏ పుస్తకాలు వచ్చాయి, ఏ ఆదివారం కథలు చదువుతారు, పిల్లల పోటీ ఎప్పుడు. అన్నిటికీ కింద ఒక పుస్తకం పేరు, దాన్ని ఎందుకు చదవాలో ఒక్క ముక్క. ఒకసారి "పొయ్యి దగ్గర చదవకండి, కూర మాడిపోతుంది" అని రాశాడు. గుఢియారీ బజారుకి పోయేవాళ్లు సైకిలాపి చదివి నవ్వుకుంటూ పోయేవారు.

బోర్డెక్కే పుస్తకం ముందు మా ఇంట్లో చదివేవాడు. నేను బఠాణీ ఒలుస్తూనో, బియ్యం ఏరుతూనో కూర్చుంటే పైకి చదివేవాడు. "ఇతనెవరు?" అని నేను మధ్యలో అడిగితే విసుక్కునేవాడు కాదు. మళ్లీ పైనించి ఎత్తుకునేవాడు.

గుండె ఆగి పోయాడు. చెప్పడానికి అంతకన్నా ఏమీ లేదు. పన్నెండో రోజు దాటాక లైబ్రరీ నడిపే తెలుగు సంఘం వాళ్లు లైబ్రరీ తాళంచెవి నా చేతిలో పెట్టారు. ఊడవాలి, తలుపు తీయాలి, మీటింగు రోజు టీ పెట్టాలి. బోర్డు మీద రాసేవాళ్లు లేరు. అయినా వారం వారం తడిగుడ్డతో తుడిచేదాన్ని.

కొన్నేళ్లకి సంఘం వార్షికోత్సవం వచ్చింది. పెద్దవాళ్లెవరో చూడటానికి వస్తారని ప్రెసిడెంటుగారు బీరువాలు తీయించారు. ఒక పుస్తకం తిప్పి మొహం చిట్లించారు.

"ఏమిటమ్మా ఇవన్నీ? పేజీ పేజీకీ పెన్సిల్ గీతలు! లైబ్రరీయా, స్కూలు పిల్లల కాపీ పుస్తకమా? వచ్చినవాళ్లు చూస్తే బేజ్జతి. అన్నీ సాఫ్ చేసెయ్యమ్మా."

రబ్బర్లు డబ్బాడు తెచ్చిచ్చారు. ఎండాకాలమంతా కూర్చున్నాను. ఒక్కో పుస్తకం, ఒక్కో పేజీ. కాగితం చిరక్కుండా, మరక మిగలకుండా. సున్నాలు, చిలక ముక్కులు, టిక్కులు, చుక్కలు, ఏది కనబడితే అది చెరిపేశాను. మా ఆయన బీరువాలు మెరుస్తున్నాయని మురిసిపోయాను కూడా.

ఉత్సవం అయిన వారానికి అప్ప వచ్చి ఒక నవల తీసి, నిలబడే గబగబా పేజీలు తిప్పింది.

"ఓలమ్మా, నా సున్నా ఏటయిపోనాది?"

"ఏం సున్నా అప్పా?"

"ఇది సదివీసేనా లేదా అని తెలవాల కదే. పద్దెనిమిదో పేజీలో సున్నా ఎడతాను నాను. ఒకొక్కరిదీ ఒకొక్క గుర్తు. లేపోతే సదివిందే మళ్లీ ఇంటికి మోసుకుపోతాం."

ఊడుస్తున్నదాన్ని ఆగిపోయాను. మా ఆయనా పెట్టేవాడా అని అడిగాను.

"నీ మొగుడా? ముప్పయ్యో పేజీలో సుక్క. బాగుసేసిన వ్యాగన్ మీద సుద్దతో గుర్తెట్టినట్టే అనీవోడు. కొన్నింట్లో రెండు సుక్కలుండీవి. ఏటి బావూ రెండెందుకని అడిగితే, ఇది మా యావిడ కూడా ఇన్నాది, దానికొకటి అన్నాడు."

అప్ప ఇంకా ఏదో అంటోంది. నాకు చేతిలో చీపురు తప్ప ఏమీ కనబడలేదు. నాతో ఆయన ఎప్పుడూ చెప్పలేదు. ఆ రెండో చుక్క నాదని తెలియకుండా నేనే చెరిపాను. ఒక్కటీ వదలకుండా.

ఆ మరుసటి ఏడాది రైల్వేవాళ్లు పాత క్వార్టర్లు కూలగొడతామన్నారు. సంఘానికి వేరే గది దొరకలేదు. పుస్తకాలు పాత కాగితాలు కొనే రద్దీవాడికి ఇచ్చేద్దామని తేల్చారు. "నీకు కావలసినవి తీసుకోమ్మా, ఆదివారం టెంపో వస్తుంది" అన్నారు ప్రెసిడెంటుగారు. నాకు కావలసినవి రెండు చుక్కలవి. అవేవో ఎలా తెలుస్తాయి?

మూడు రోజులు నేనూ అప్పా గచ్చు మీద కూర్చున్నాం. ఆయనది ఇనుము పట్టిన చెయ్యి, పెన్సిల్ నొక్కి పెట్టేవాడు. నొక్కు ఎక్కడైనా మిగిలిందేమోనని ముప్పయ్యో పేజీ తీసి వేలితో తడిమేదాన్ని. నేను రుద్దింది తక్కువా? అంతా నున్నగా తగిలేది. అనుమానం తగిలినచోట అప్ప మొదటి పేజీ చదివేది. నేను విన్న కథ ఒక్కటీ కాదు.

"ఉన్నదున్నట్టు సదివీవోడా ఏటి ఆడు?" అంది అప్ప విసిగి. "మా కాడ కథ సెప్పినా వర్క్‌షాపోలందర్నీ అందులోకి తోసీవోడు. నువ్విన్నది ఈటిలో ఉండదే పిచ్చిదానా."

అప్పుడు ఏడ్చాను. ఆ మాట నిజమే. నేను విన్న కథల్లో క్యాంటీను గంట మోగేది, ఫోర్‌మన్ తిట్లు వినిపించేవి.

ఆదివారం టెంపో వచ్చేసరికి నా ఒళ్లో ఒకే పుస్తకం ఉంది. అట్ట లేనిది. ముప్పయ్యో పేజీ మూలన వేలికి ఏదో తగిలింది. చుక్కలో, కాగితంలోని పొక్కులో తెలియదు. మిగతావాటిని తాళ్లతో కట్టి కాటా వేసి పట్టుకుపోయారు. బోర్డు కూడా అందులోనే పోయింది.

ఆ పుస్తకం అప్ప రోజూ కొంత చదివి వినిపించింది. ఇద్దరు తోడికోడళ్ల కథ. తెలిసిన మాట ఒక్కటైనా రాకపోతుందా అని ఆఖరి పేజీదాకా చెవి ఒగ్గి కూర్చున్నాను. రాలేదు.

అయిపోయాక అప్ప పెన్సిల్ ఇచ్చి, "రెండూ ఎట్టీయే, ఎవుడు సూసొచ్చేడు" అంది.

ఆయన చదివాడో లేదో తెలియకుండా ఆయన చుక్క నేనెలా పెడతాను? ముప్పయ్యో పేజీ తీయించుకుని ఒక్కటే పెట్టాను. నేను విన్నాను కదా, దానికి.