రాక్షసబల్లి తోక

నాకు చదువు సంతకం దాకానే వచ్చింది. అందుకని నేను చెబుతుంటే పక్కింటి అమ్మాయి ఇది రాస్తోంది. ముందు నా గొంతు సంగతి రాయమన్నాను, ఎందుకంటే గొడవంతా దానితోనే మొదలైంది.

నాది పుట్టుబొంగురు గొంతు. ఏలూరు కాలువ ఈ గట్టున నిలబడి ఆ గట్టున పోయే కూరలమ్మే ఆమెను పిలిస్తే, ఆమెకన్నా ముందు పడవవాళ్లు ఆగి "ఏంటమ్మా?" అనేవారు. "మా ఇంట్లో దొంగలు పడరు, మా ఆవిడ నిద్రలో మాట్లాడుతుంది" అని మా ఆయన బతికున్నన్నాళ్లూ నలుగురికీ చెప్పి నవ్వేవారు.

ఆ గొంతు విని మా అమ్మాయి కూతురు జడుసుకుంది. ఐదేళ్ల పిల్ల. మా అల్లుడుగారు బందరులో బడి మేష్టరు. వేసవి సెలవుల్లో వారం రోజులుందామని ముగ్గురూ బెజవాడ వచ్చారు. గుమ్మంలోనే "వచ్చావుటే నా తల్లీ!" అన్నాను. అంతే, పిల్ల వాళ్లమ్మ కుచ్చిళ్లలోకి దూరింది. నేను వంటింట్లో ఉంటే తను అరుగు మీద, నేను అరుగు మీదికి వస్తే తను పెరట్లో. ఒక్కగానొక్క మనవరాలు. ఒక్కసారైనా ఒడిలోకి రాకుండానే రైలెక్కిపోతుందేమోనని నాకు అన్నం సయించలేదు.

"కాస్త మెల్లగా మాట్లాడమ్మా" అంది నా కూతురు.

"ఇది మెల్లగానే!" అన్నాను. పెరట్లో కాకులు లేచిపోయాయి.

ఆ పిల్లకి వాళ్ల నాన్న పుస్తకంలో ఉన్న ఒక జంతువు బొమ్మంటే ప్రాణం. అన్నం తింటున్నా ఆ కాగితం తెరిచి పక్కన ఉండాల్సిందే. అలాంటి బొమ్మే చేసిపెడితే దగ్గరికొస్తుందని నాకు తోచింది. అయితే అప్పట్లో మా ఇళ్లలో అత్తగారు అల్లుడి ఎదటపడి మాట్లాడటం లేదు. తలుపు చాటున నిలబడి, "ఆ జంతువేమిటో కనుక్కోవే" అని కూతురితో గుసగుసలాడాను. నా గుసగుస గనక అల్లుడుగారికి నేరుగానే వినబడింది.

"డైనోసారు అంటారండీ. రాక్షసబల్లి అనుకోండి. మనుషులు పుట్టకముందు ఉండేవట."

"మనుషులే లేకపోతే దాని కొలతలు ఎవరు తీశారో కనుక్కో" అన్నాను కూతురితో.

ఆయన నవ్వు ఆపుకుని పుస్తకం తలుపు వైపు తిప్పి పట్టుకున్నారు. సందులోంచి చూశాను. తాటికాయంత తల, నోటినిండా పళ్లు, బానలాంటి పొట్ట, వెనకాళ్లు, తోక. ముందుకాళ్లు ఉండే చోట అల్లుడిగారి బొటనవేలు ఉంది. అల్లుడుగారూ, వేలు తియ్యండి అని అత్తగారు ఎలా అంటుంది? ముందుకాళ్లు ఏ జంతువుకైనా ముందుకాళ్లేగా అనుకుని ఊరుకున్నాను.

నా పుట్టిల్లు నర్సాపురం వైపు. అక్కడ ఆడపిల్లలం కొక్కెం సూదితో లేసు అల్లేవాళ్లం, దొరసానులు బల్లల మీద పరుచుకునే గుడ్డలు. బెజవాడ వచ్చాక కూడా మానలేదు. యుద్ధం వచ్చి ఓడలు ఆగిపోయాక ఎవరూ కొనక, నూలు ఉండలు పెట్టెలోనే ఉండిపోయాయి. ఆ పనిలో ఒకటే పట్టింపు, మధ్యలో దారం తెగకూడదు. ముడి కనబడితే లేసు కొనేవాడు మొహాన కొట్టేవాడు. ఆ అలవాటున రాక్షసబల్లిని కూడా మూతి దగ్గర మొదలుపెట్టి తోక కొస దాకా తెంపకుండా అల్లేశాను. తల చంటిపిల్లల టోపీలా, పొట్ట రెండు టోపీలు కలిపినట్టు. తెల్లదారం చావుకబురులా ఉంటుందని ముందే పసుపునీళ్లలో ముంచాను. లోపల కూరడానికి మా ఆయన దిండు విప్పి బూరుగుదూది తీశాను.

నాలుగో రోజు పొద్దున దాన్ని అరుగు మీద పెట్టాను. నాలుగు కాళ్ల మీద దర్జాగా నిలబడింది.

"మన గేదెకి పసుపు రాసినట్టుందే" అంది నా కూతురు.

పిల్ల స్తంభం చాటునుంచి చూసింది. "తప్పు!" అని అరిచింది. నాతో ఆడిన మొదటి మాట అది.

"ఏం తప్పే?" అన్నాను చేతనైనంత సన్నగా.

"దానికి చేతులు చిన్నవి. ఇంతే!" అని చిటికెనవేలు చూపించింది.

"అయ్యో, అంత చిన్న చేతులతో ముద్దెలా కలుపుకుంటుందే?"

"అది అన్నం తినదు. మనుషుల్ని తింటుంది."

"అప్పటికి మనుషులే లేరన్నారుగా మీ నాన్న?"

పిల్ల ఆలోచనలో పడింది. స్తంభం వదిలి ఒకడుగు ముందుకు వేసింది. "అయితే గేదెల్ని" అంది.

"సరే, ముక్కు దురదపెడితే? చెయ్యి అందదుగా?"

పిల్ల ఫక్కున నవ్వింది. నవ్వినందుకు తనకే కోపం వచ్చి, "విప్పెయ్!" అంది.

ఒకటే దారం గదా, చేతుల దాకా రావాలంటే తోక, వెనకాళ్లు, పొట్ట అన్నీ పోవాలి. నా ప్రాణం ఉసూరుమంది. అయినా దారం కొస పిల్ల చేతికిచ్చి "లాగు" అన్నాను.

లాగింది. లాగుతూ పెరడంతా పరిగెత్తింది. నిమ్మచెట్టుకు రెండు చుట్లు, గేదె కొమ్ములకు ఒకటి. పొట్ట విడిపోగానే దూది గాలికి లేచి, నూతి దగ్గర స్నానం చేసి వస్తున్న అల్లుడిగారి తడి ఒంటికి అంటుకుంది. తలుపు చాటుకు పోవడం మరిచి విరగబడి నవ్వాను. ఆయన ఈకలు మొలిచినట్టు నిలబడిపోయి, "మామయ్యగారి దిండా అండీ?" అన్నారు.

నేను అరుగు మీద కూర్చుని దారం కొస నుంచి ఉండ చుట్టడం మొదలుపెట్టాను. మిగిలిన రాక్షసబల్లి తలకాయ పిల్ల చంకలో ఉంది. చెట్టునుంచీ కొమ్ములనుంచీ దారం విడిపిస్తూ, నేను చుట్టిన కొద్దీ దగ్గరికొచ్చింది. ఆఖరికి నా మోకాలికి ఆనుకుంది. నేను నోరెత్తలేదు, ఊపిరి కూడా తీయలేదు. బల్లికి మళ్లీ చేతులు అల్లుతుంటే కొలత సరిగ్గా కనబడటం లేదని తనే ఒళ్లోకెక్కి కూర్చుని, "చాలు. ఇంక చాలన్నానా!" అని అజమాయిషీ చేసింది.

ఆదివారం బండికి వెళ్లాలి వాళ్లు. శనివారానికి పొట్టా కాళ్లూ అయిపోయాయి, తోక మిగిలింది. నా చేతికి అది గంట పని.

"తోక లేకుండా నేను రాను" అంది పిల్ల, నా ఒళ్లోంచే.

ఆదివారం బండి పోయింది. సోమవారం అల్లుడుగారు ఒక్కరే వెళ్లారు. మంగళవారం నా కూతురు నడుం మీద చెయ్యి పెట్టుకుని నిలబడింది. "ఇంకా ఎంత తోకమ్మా?"

"బొమ్మలో ఎంతుందో అంతే" అన్నాను.

ఒళ్లో కూర్చుని అల్లిక లెక్కపెట్టడం పిల్ల వంతు. దానికి ఇరవై దాకానే వచ్చు. ఇరవై కాగానే మళ్లీ ఒకటి దగ్గర మొదలుపెట్టేది. నేను దిద్దలేదు. బుధవారానికి తోక అరుగు దిగి వాకిట్లోకి వచ్చింది. అయినా నేను సూది ఆపలేదు.