కారవాన్‌లో పోపు వాసన

2023 వసంతం. ఇంగ్లండ్‌లో మిల్టన్ కీన్స్ శివార్లలో కారవాన్లు అమ్మే యార్డులో నాది వారంటీ డెస్కు. కారు వెనక తగిలించుకుని తిరిగే చక్రాల ఇల్లే కారవాన్. కంపెనీ వారంటీ అయిపోయేలోపు ఎక్స్‌టెండెడ్ వారంటీ, అంటే డబ్బు కట్టి పొడిగించుకునే హామీ, అంటగట్టడం నా పని. వరంగల్ వాణ్ణి, మాటలకు కరువు లేదు.

ఆ రోజు లండన్ పక్కనున్న హేస్ నుంచి సరోజన ఆంటీ వచ్చింది. కారవాన్ తగిలించిన కారు నడిపింది ఆమె కూతురు స్వాతి. ఆంటీ భర్త మనోహర్ అంకుల్ ఆ ముందు చలికాలంలోనే పోయారు. రిటైరయ్యాక ముచ్చటపడి కొన్న కారవాన్ అది. అందులో గ్లాస్గో దాటి సముద్రం దాకా వెళ్ళాలని ఆయన కోరిక, అది తీరనే లేదు.

"వారంటీ పొడిగించాల్నా, బండే అమ్మెయ్యాల్నా బిడ్డా? మనోడివి, నిజం చెప్పు," అంది ఆంటీ.

"జస్ట్ సెల్ ఇట్, మమ్," అంది స్వాతి. కారవాన్ లోపలికి మాత్రం అడుగుపెట్టలేదు.

మనోడివి అన్నాక ఇంకేం అంటగడతాను! ముందు డ్యాంప్ టెస్ట్ చేయించాను. గోడలకు మీటరు ఆనించి లోపలి తేమ చూసే పరీక్ష అది. స్టవ్ పక్క గోడ దగ్గర మీటరు గీపెట్టింది. మా మెకానిక్ పైకప్పు, అతుకులు అన్నీ వెతికి లీకేజీ లేదన్నాడు. అదంతా వంట ఆవిరి.

"వండేటప్పుడు పైకప్పు కిటికీ తెరవరా ఆంటీ?"

"యాడ తెరుస్తం! పోపు వాసనకు పక్క కారవానోళ్లు ఏమనుకుంటరో అని మీ అంకుల్ అన్నీ మూయిస్తుండె, పరదాలు గుడ. చెమటలు కారంగ లోపల్నే కూసొని తింటుంటిమి. బయట అంత మంచి గాలి."

ఉన్నమాట చెప్పేశాను. పాడైన భాగాలకు, కారే అతుకులకు వారంటీ వర్తిస్తుంది గానీ ఆవిరికి వర్తించదు. తేమ ఇంకా లోపలికి దిగలేదు, కిటికీ తెరిచి వండుకుంటే గోడ దానంతటదే ఆరుతుంది.

ఆంటీ స్టవ్ పక్క అల్మారా తలుపు తీసి కాసేపు అక్కడే నిలబడింది. ఇంగువ, కరివేపాకు వాసన నాదాకా వచ్చింది.

"గోడ ఆరితే ఈ వాసన గుడ పోతదా?"

"పోతుంది ఆంటీ. మెల్లగా."

ఆమె కళ్ళు నిండాయి. అలాగే సోఫా ఎక్కి, పైకప్పు కిటికీని తనే రెండు చేతులతో పైకి తోసింది. "ఆయన ఉండంగ ఒక్కసారన్న తెరిస్తే బాగుండు," అంది.

అప్పుడు స్వాతి లోపలికి వచ్చింది. గాలి పీల్చి, "స్మెల్స్ లైక్ డాడ్," అంటూ తల్లిని పట్టుకుంది.

"బండి అమ్మను బిడ్డా. వారంటీ గుడ వద్దు," అంది ఆంటీ.

అప్పటినుంచి వారంటీ కోసం ఎవరొచ్చినా, ముందు కారవాన్‌లో ఏం వండుకుంటారో అడుగుతున్నాను. ఆ సాయంత్రం మా ఫ్లాట్‌లో మా ఆవిడ చారుకు పోపు పెడుతూ, రోజూలాగే కిటికీ మూయమంది. నేను బార్లా తెరిచి, కంచాలు ఆ కిటికీ దగ్గరికే తెచ్చాను.