పావడా బుడగలు

“పాప గంజి తాగిందా?”

“తాగిందక్కా. వీధిలో ఆడుకుంటా ఉంది.”

పక్కింటి అక్కకూ నాకూ మధ్య నడిచిన చివరి మాటలు అవే. పాపంటే మా చెల్లెలు. అప్పటికే ఆమెను ఆసుపత్రికి తీసుకుపోవడానికి రిక్షాలో కూర్చోబెట్టారు.

నా చిన్నప్పుడు, అంటే అరవయ్యేళ్ల కిందట, నెల్లూరు చెరువు దగ్గర ఉండేవాళ్లం. ఎండాకాలం సాయంత్రమైతే ఆడపిల్లలమంతా నీళ్లలోనే. పావడాలోకి గాలి పట్టి అంచులు బిగిస్తే బుడగలా ఉబ్బేది, దాన్ని పట్టుకుని తేలేవాళ్లం. ఆ ఏడు చెరువు బాగా ఇంకిపోయింది. వీధుల మురుగంతా మిగిలిన ఆ కాసిని నీళ్లలోకే వచ్చేది. ఊళ్లో వాంతులు, బేదులు. అమ్మ వద్దన్నా మేము వినలేదు.

ఒక సాయంత్రం గట్టు మీదికి వచ్చిన అక్క మమ్మల్ని తిట్టలేదు. దిగండి గానీ ముందు దీన్ని జాడించండి అంటూ, ఆదివారం చర్చికి నేను కట్టుకునే తెల్ల పావడాను మా బట్టలారేసే తీగ మీద నుంచి తెచ్చి చేతిలో పెట్టింది. పచ్చగా నురగ కట్టిన ఆ నీళ్లు చూస్తే నా చెయ్యి ముందుకు పోలేదు.

“పైన కట్టుకునే గుడ్డనే ముంచలేకుండా ఉండావే, ఈ నీళ్లు నోట్లోకి ఎట్లా పోనిస్తావు?” అంది.

ఆ మాట అంటుండగానే చెల్లెలు నీళ్లలోకి దిగిపోయింది. మేము చూసేసరికి దాని పావడాలో గాలి పోయి మునిగిపోతోంది. అక్క కట్టుకున్న చీరతోనే దూకింది. పాపను గట్టుకు చేర్చి కక్కించింది. తానూ దగ్గింది.

అప్పటి నుంచి అక్క మా గడప వదల్లేదు. చెల్లెలి కడుపు తడిమేది, కాచిన నీళ్లు పట్టేది, ఉప్పేసిన గంజి తాగించేది. అందరి కళ్లూ పాప మీదే. ఆ నీళ్లు అక్క కూడా మింగిందని ఒక్కరికీ తట్టలేదు.

చెల్లెలు లేచి తిరిగింది. అక్క మంచం పట్టింది. ఆసుపత్రి నుంచి ఇక తిరిగి రాలేదు. చెరువు నీళ్ల వల్లో, ఊళ్లో తిరిగే రోగం వల్లో ఎవరూ తేల్చి చెప్పలేదు.

ఆ దిగులు నన్ను ఇప్పటికీ వదల్లేదు. ఎవరింట్లో జబ్బు చేసినా, మంచం మీదున్న మనిషి కంటే ముందు, చాకిరీ చేసే మనిషి ముఖం చూస్తాను. నువ్వు తిన్నావా, నీకెట్లా ఉంది అని అడుగుతాను. మా ఆయన చివరి రోజుల్లో ఆసుపత్రి ఆయమ్మను అట్లా అడిగితే, నన్నిట్లా అడిగింది నువ్వొక్కదానివేనమ్మా అని కళ్లు తుడుచుకుంది.

చెల్లెలికి ఇదేమీ గుర్తు లేదు. దానికి ఎవరమూ చెప్పలేదు. ఇప్పుడు ఇది చదివితే ఏమనుకుంటుందో అని గుండె పీకుతోంది. నా మాటలు రాస్తున్నది మనవరాలు. ఏదీ అమ్మణ్ణీ, మొదటి నుంచి ఒకసారి చదువు. తప్పు చెల్లెలిదన్నట్టు ఎక్కడన్నా ఉంటే ఆ మాట కొట్టేద్దాం.