కొర్ర పొట్టుతో కడపకు

“అవ్వా, ఆఫీసర్లు వస్తాండారు. పొట్టు సంచి మోసుకొస్తే నగుతారు.”

“నగనీ. నీ విమానం పోయేది గాలిలోనే కదా? గాలి ఎటు పోతాండాదో పొట్టు చెప్తాది.”

“దానికి మిషను ఉండాది!”

“మిషనుకు కరెంటు కావల్ల. పొట్టుకేం కావల్లమే?”

తెల్లవారి ఐదున్నరకు నందికొట్కూరు బస్టాండులో నాకూ మనవరాలు సరళకూ జరిగిన జగడం ఇది. సరళ కడపలో ఒక కాలేజీలో మనిషి లేకుండా ఎగిరే చిన్న విమానం చేస్తోంది. పాము కరిస్తే కొండపల్లెలకు మందు మోయడానికట. డబ్బు సర్కారుది. మరునాడు ఆఫీసర్ల ముందు ఎగరాలి. పడితే డబ్బు ఆగుతుంది, పని మూతపడుతుంది. అది చూడాలనే బయలుదేరాను. సంచి మాత్రం దింపలేదు.

ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ సున్నా. ఎనిమిదికి నంద్యాల. హోటల్లో ఇడ్లీ ధర విని, ఇంటినుంచి తెచ్చిన సద్ద రొట్టెలు విప్పాను. కడప బస్సులో పక్కనామె సంచి తడిమింది.

“దిండా అక్కా?”

“కొర్ర పొట్టు.”

“కడపలో పొట్టుకు కరువొచ్చిందా ఏంది?”

సరళ కిటికీ వైపు తిరిగింది.

పన్నెండున్నరకు దిగాం. సర్కారు పరిశోధనశాలలో రిటైరైన పెద్దాయన ఒకరు కాలేజీలో పాత విమానాల రెక్కలు చూపించారు. మొదటిది చెక్క, తర్వాతది రేకు, ఇప్పటిది కార్బన్ అనే నల్లటి నారతో నేసినది. దాన్ని ఒక్క వేలితో ఎత్తాను. చెక్క రెక్క నిండా ఉన్ని దారపు ముక్కలు అంటించి ఉన్నాయి.

“ఇవేందప్పా?”

“గాలి కంటికి కనపడల్ల గదమ్మా. అప్పుడు దారాలు అంటించి చూస్తాంటిమి. తర్వాత పొగ. ఇప్పుడు కంప్యూటర్లోనే గాలి తోల్తారు.”

సరళ వైపు చూశాను. తను నా వైపు చూడలేదు. చెక్క నుంచి నారదాకా రావడానికి ఆయన ఉద్యోగమంతా పట్టిందట. మధ్యలో డబ్బు ఆపేసి ఉంటే ఆ చెక్క దగ్గరే ఉండేవాళ్లం.

హాస్టల్లో సరళ గదిలోనే పడుకున్నాను; లాడ్జి ఖర్చు తప్పింది.

మరునాడు ఏడుకు మైదానం. గాలి ఎటు పోతుందో చెప్పే మిషను ఆ చివర స్తంభం మీద ఉంది. అంతా బాగుందని చూపించింది. ఆఫీసరు గడియారం చూసుకుని “కానీమ్మా” అన్నాడు. విమానం లేచే చోట, షెడ్డు పక్కన, నేను పిడికెడు పొట్టు వదిలాను. అది కాస్త దూరం పోయి, సుడి తిరిగి నా చీర మీదే పడింది.

సరళ చూసింది. “సార్, ఈడ వద్దు. షెడ్డు గోడ తగిలి గాలి మళ్లుతాండాది. అవతలికి జరగల్ల.”

జరిగారు. ఈసారి పిడికెడు తనే వదిలింది. పొట్టు ఒకే దారిన పోయింది. దానికి ఎదురుగా విమానాన్ని విసిరారు. ఏడూ నలభైకి లేచి, గుట్ట కింది ఆసుపత్రిలో మందు డబ్బా దింపి, ఎనిమిదింపావుకు తిరిగొచ్చింది. ఆఫీసరు డబ్బు కాగితం మీద సంతకం చేశాడు.

తొమ్మిదింటి బస్సుకు సరళ నన్ను ఎక్కించింది.

“నా సంచి ఇయ్యిమే.”

“ఈడే ఉండనీ అవ్వా,” అంది.